పేరుకు ముందు మాట

నేలపూడి యేసుపాదం.
బ్రాకెట్లో పుట్టిన ఏడు, పోయిన ఏడు.
ఆ పక్కన ఒక ఖాళీ.
పదకొండు నెలలుగా కొట్లాటంతా ఆ ఖాళీ కోసమే.

సోమవారం "భూపోరాట నాయకుడు."
బుధవారానికి "లంకభూముల ఆక్రమణదారు."
శుక్రవారం ఎవరో పెద్దమనిషి రాజీ కుదిర్చాడు:
"వివాదాస్పద నాయకుడు."

వివాదాస్పద!
అన్నంలో రాయిలాంటి మాట.
ఎవరు వేశారో తెలీదు,
పంటికింద మాత్రం పడుతుంది.

నేను అమలాపురం తపాలాఫీసులో
ఉత్తరాలు వేరుచేసే మనిషిని.
పగలు చిరునామాలు, రాత్రి ఈ విజ్ఞాన సర్వస్వంలో
కామాలు, తేదీలు సర్దుతుంటాను.
దీనికి జీతం లేదు,
మా ఆయన లెక్కలో బుద్ధీ లేదు.

పక్క పేజీ జగ్గప్ప దొరగారిది.
అక్కడ ఖాళీ లేదు.
"దాత, విద్యాపోషకుడు, సరసుడు."
ఏడేళ్లుగా ఒక్క పొల్లు కదల్లేదు.
ఆధారమేదని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.
అడిగితే బడి గోడకున్న పాలరాతి పలక చూపిస్తారు.
ఆ పలక చెక్కించింది దొరగారే.

యేసుపాదానికైతే
ప్రతి మాటకీ చిన్న అంకె తోక ఉండాలి.
ఏ పేపరు, ఏ తేదీ, ఎన్నో పేజీ.
ఆ రోజుల్లో పేపరు
ఏ అరుగు మీద చదివేవారో
ఆ అరుగు మాటే రాసేది.
లంకలో కంద తవ్వేవాళ్ల మాట
రేవు దాటి ఇవతలికి రాలేదు.

మా నాన్న లాకుల దగ్గర లాస్కరు.
కాలువలో పాతిన కొలబద్ద చూసి
రోజుకు మూడుసార్లు పుస్తకంలో రాసేవాడు.
శివారు రైతులొచ్చి "నీళ్లు లేవని రాయవయ్యా" అనేవారు.
మొగదల రైతులొచ్చి "నిండుగా ఉందని రాయి" అనేవారు.
నాన్న ఇద్దరికీ చెరో బీడీ ఇచ్చి
నాలుగడుగుల మూడంగుళాలు అని రాసేవాడు.

మొన్న రాత్రి నేనూ అలాగే రాశాను.
ఏ బిరుదూ లేకుండా:
డెబ్భై రెండు వేసవిలో
నూట నలభై కుటుంబాలతో లంకలోకి దిగాడు.
పదహారు పాకలు తగలబడ్డాయి.
దొరగారి కాపలాదారు వాసంశెట్టి అప్పలస్వామి
ఆ గొడవలో చనిపోయాడు.
తొమ్మిదేళ్లు నడిచాక కేసు కొట్టేశారు.
ఇప్పుడా లంకలో నూట పన్నెండు పట్టాలున్నాయి.

పది నిమిషాల్లో తిప్పేశారు.
కారణం: పక్షపాతం.
"వివాదాస్పద" మళ్లీ వచ్చి కూర్చుంది,
పేజీకి తాళం పడింది.

మా లాకుల్లో తలుపులు మూస్తే
లోపలి నీరూ బయటి నీరూ సమానమయ్యేదాకా
పడవ ఆగేది. తర్వాత వదిలేవారు.
ఇక్కడ ఎటు నీరు ఎక్కువుంటే
అప్పుడే తలుపు దించుతారు.

నిజం చెప్పొద్దూ, నేనూ కొలబద్దను కాను.
అప్పలస్వామి పేరు రాయడానికి
నాకు మూడు రాత్రులు పట్టింది.
మా అమ్మవి ఆ లంకలో పొగాకు ఎండబెట్టిన చేతులు.
యేసుపాదం మాటొస్తే "ఆ బాబు" అనేది.
ఆ "బాబు" నా వేళ్లలో ఉంది,
కీబోర్డుకి తెలిసిపోతుంది.

ఇంకో సంగతి.
ఒక వేసవి కాలువ కట్టేస్తే తెలిసింది,
కొలబద్ద ఒండ్రులోకి ఒక అంగుళం కుంగిపోయి ఉంది.
ఎన్నేళ్ల నుంచో.
అన్నాళ్లూ నాన్న ఒక అంగుళం ఎక్కువే రాశాడు.
శివారు వాళ్లు మొత్తుకున్నది నిజమే.
ఆ రాత్రి నాన్న కంచం ముందు కూర్చుని లేచిపోయాడు.
పొద్దున్నే వెళ్లి పాత పుస్తకాలన్నిటి అట్టల మీద
"ఒక అంగుళం తీసి చదవాలి" అని రాసి,
కింద సంతకం పెట్టాడు.

ఈ పేజీల కింద
ఎవరి సంతకమూ సొంత పేరు కాదు.

ఇవాళ సంచిలో ఒక కవరు వచ్చింది.
బాల్‌పెన్నుతో, వంకర అక్షరాలు:
కుడుపూడి మరియమ్మ గారికి,
రేవు దగ్గర మూడో ఇల్లు,
యేసుపాదం పేట.

పేరుకు ముందు ఏమీ లేదు.
ముద్ర కొట్టి పడవ సంచిలో వేశాను.